ఎదురు కొట్టు

పట్నంబజారులో మా గోనెసంచుల కొట్టుకి
సరిగ్గా ఎదురుగా
ఇంకో గోనెసంచుల కొట్టు.
మధ్యలో పద్నాలుగు అడుగుల రోడ్డు.
పందొమ్మిదేళ్లు దాన్ని దాటలేదు నేను.

మిర్చి సీజన్లో
యార్డు నుంచి ఘాటు ఊరి మీదికి దిగినప్పుడు
అతను తుమ్మితే నాకు వినపడేది,
నేను తుమ్మితే అతనికి.
అంతవరకే మా మాటలు.

చాంబర్ ఆఫ్ కామర్స్ రసీదు పుస్తకం పట్టుకుని
పానకాలు గారు ఏటా వచ్చేవారు.
"చేరితే ఏమొస్తుందండీ?" అనేవాణ్ణి,
దబ్బనం గోనెలో దించుతూ, తలెత్తకుండా.
"కుర్చీ వస్తుంది బాబూ" అనేవారాయన.
నాకు నవ్వొచ్చేది.
కుర్చీ నా కొట్లోనే ఉంది,
కూర్చునే తీరికే లేదు.

ఆ ఏడు ఒకడొచ్చాడు.
లక్ష్మీపురంలో అద్దె ఆఫీసు, గాజు తలుపు,
ఎగుమతి కంపెనీ అని ఇత్తడి బోర్డు.
పన్నెండు వేల సంచులు ఎత్తుకెళ్లి
ముత్యాల్లాంటి అక్షరాలతో చెక్కు రాసిచ్చాడు.
బ్యాంకు దాన్ని తిప్పి పంపేలోపు
బోర్డు కూడా లేదు,
గోడకి నాలుగు మేకు చిల్లులు తప్ప.

ఇంట్లో చెప్పలేదు. గుమాస్తాకి చెప్పలేదు.
నష్టం బజార్లో వినపడితే అప్పు పుట్టదు,
సరుకిచ్చేవాడు ముందే రొక్కం అడుగుతాడు.
తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను,
దొంగతనం చేసింది నేను కాకపోయినా.

ఆ నెలే చందా కట్టాను.
ఆశతో కాదు,
చాంబరుకో వకీలున్నాడని,
ఫీజు తక్కువని ఎవరో అనగా విని.
రసీదు నంబరు నాలుగు వందల పదిహేడు.

అరండల్‌పేటలో మేడ మీద హాలు.
మొదటి మీటింగు, అబద్ధమెందుకు, విసుగే.
ఒకళ్లకొకళ్లు శాలువాలు కప్పుకున్నారు.
జీఎస్టీ మీద ఒకాయన గంటసేపు మాట్లాడాడు
(అందులో పది నిమిషాలు నా డబ్బు మిగిల్చాయి, అది వేరే సంగతి).
టీ పల్చన, బిస్కెట్టు మెత్తన.
పక్క కుర్చీలోకి ఆలస్యంగా వచ్చి కూలబడ్డాడొకతను.
తల తిప్పితే జానీ బాషా.
ఎదురు కొట్టు.

చివర్లో పానకాలు గారు అడిగారు:
"ఈ సీజన్లో దెబ్బతిన్నవాళ్లుంటే చెప్పండి.
ఇక్కడి మాట మెట్లు దిగదు."
చాలాసేపు ఫ్యాను చప్పుడే.
నలభైమంది వర్తకులు
నేల మీద గళ్లు లెక్కపెట్టారు.

అప్పుడు బాషా చొక్కా జేబులోంచి తీశాడు
నాలుగు మడతల కాగితం.
అదే బ్యాంకు. అదే సంతకం,
చివర కొక్కెంలా వంగిన అదే గీత.
నా చెయ్యి నన్నడగకుండానే
నా జేబులోకి వెళ్లింది.

రెండు చెక్కులూ బల్ల మీద పక్కపక్కన పడ్డాక
పురికొస వ్యాపారం చేసే సుగుణమ్మ గారు లేచింది,
వెనకే లారీ ఆఫీసు కోటయ్య,
కోల్డ్‌స్టోరేజీ వాళ్లబ్బాయి...
మొత్తం ఏడు.
ఒంటరిగా వెళ్తే గుమ్మంలోనే ఆపేసే స్టేషను
ఏడుగురం వెళ్తే కుర్చీలు వేయించింది.
ఓహో, ఆ కుర్చీ ఇదా అనుకున్నాను.

డబ్బంతా రాలేదు. సగం కన్నా తక్కువే.
వకీలు ఇంకా వాయిదాలకి తిరుగుతున్నాడు.
కానీ ఇప్పుడెవడైనా కొత్త ఇత్తడి బోర్డు తగిలిస్తే
సాయంత్రానికల్లా ఏడు ఫోన్లు మోగుతాయి.
కలకత్తా లోడు ఇద్దరం కలిపి తెప్పిస్తాం,
లారీ కిరాయి చెరిసగం.
ధర దగ్గర మాత్రం పాత పోటీయే,
అర్ధరూపాయి కోసం అతని బేరం చెడగొడతాను,
అతనూ నాది.

మొన్న పెదనందిపాడు వైపు నుంచి ఒక రైతు
పెద్ద సైజు సంచులు వంద కావాలన్నాడు.
నా దగ్గర అరవయ్యే ఉన్నాయి.
వెనకటి నేనైతే "రేపు రండి" అనేవాణ్ణి,
లేదా "ఊళ్లో ఎక్కడా దొరకవు" అని.
నోరు తెరిచాను.
పందొమ్మిదేళ్లలో ఒక్కసారీ అనని మాట
గోనెపీచులా కాసేపు గొంతులో గుచ్చుకుని
బయటికొచ్చింది:

"మిగతావి ఎదురు కొట్లో ఉంటాయి.
నేను పంపానని చెప్పండి."