నడుమ నీళ్లు

ఈ ఏడాది ఏడు ఆటలాడి ఏడూ ఓడాం.
'మనం' అనడం అలవాటైపోయింది.
నేనేనాడూ గీత దాటి కూత పెట్టినోణ్ణి కాదు,
కంచరపాలెం రైల్వే గోడెక్కి కాళ్లు వేలాడదీసుకుని
ఇరవయ్యేళ్లుగా గొంతు మాత్రం అరగదీసినోణ్ణి.

మాకూ ఓ రోజుండేది.
బలగ అప్పన్న తొడ చరిస్తే
అవతలి కోర్టులో ఏడుగురూ ఒకడి వెనక ఒకడు నక్కేవారు.
అప్పన్నకి మోకాలు పోయింది.
మిగిలినోళ్లని ఉద్యోగాల ఎర వేసి
ఎవరెవరో ఎగరేసుకుపోయారు.
ఉన్నవాళ్లలో మీసం మొలిచినోడు ఒక్కడే.

అప్పుడొచ్చాడు మైలపిల్లి ఎల్లాజీ మాస్టారు,
మెళ్లో విజిలు, విరిగి అతుక్కున్న ముక్కు.
వస్తూనే పిల్లల్ని నెల్లాళ్లు కూతకి పంపలేదు.
జాలారిపేట తడి ఇసకలో
చేతులు చేతులు పట్టించి వెనక్కి నడిపించాడు.
వెనక్కి!
"పట్టుకోడం తర్వాత నేర్పుతాను,
ముందు పక్కనోడి చెయ్యి వదలకుండా ఉండండి" అన్నాడు.
గోడ మీద మేం పగలబడి నవ్వాం.

నాలుగో ఓటమికి నవ్వు పోయింది.
ఐదోదానికి నోళ్లు లేచాయి.
ఆరోది పంతొమ్మిది పాయింట్లతో.
చెప్పుకుంటే సిగ్గు,
"ఇంటికెళ్లి వలలు అల్లుకో మాస్టారూ" అని అరిచింది నేనే.
తిరిగి చూడలేదాయన.
చెదిరిపోయిన సున్నం గీతని
వంగి మళ్లీ గీస్తున్నాడు.
ఆ రాత్రి టీ కొట్టు దగ్గర ఓ కాగితం తిరిగింది,
మాస్టార్ని మార్చాలని.
నలభై రెండో సంతకం నాది.

నా పని చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో.
ఉప్పునీళ్ల తొట్టిలోకి మంచినీళ్ల డబ్బాలు దించుతాం,
గడ్డకట్టడానికి పద్దెనిమిది గంటలు.
బోటు బయల్దేరాలని తొందర, వాళ్లు తిడతారు.
తిట్లకి భయపడి ముందే ఎత్తామా,
పైకి తెల్లగా దిట్టంగానే ఉంటుంది దిమ్మ,
గునపం దిగగానే నడుమ నుంచి నీళ్లు.
ఇన్నేళ్లుగా వాళ్లకి నేను చెప్పేది ఒకటే మాట:
"ఉండండ్రా బాబూ, లోపలింకా అవలేదు."

మంగళవారం, తెల్లారి నాలుగింకా కాలేదు,
డాల్ఫిన్ నోస్ మీద లైటు తిరుగుతూనే ఉంది.
సైకిలు గోడకి ఆనించి
గోనెసంచితో లోపలికొచ్చాడు మాస్టారు.
"పొడైనా పర్లేదు, తక్కువలో ఇస్తారా?
మా కుర్రోడికి మోకాలు వాచింది."
నన్ను గుర్తుపట్టలేదు.
గోడ మీది మొహాలన్నీ కింద నుంచి ఒక్కలాగే ఉంటాయి కాబోలు.
ఎవరా కుర్రోడని అడిగాను, తెలిసే.
"గురుమూర్తని, పదిహేడేళ్లోడు.
వచ్చే ఏడాదికి కాదులెండి,
ఆ పైయేడు మీరే చూస్తారు."
పైయేడు!
ఈ ఆదివారానికే నా దగ్గర ఓపిక లేదు.

డబ్బులొద్దందామనుకున్నాను.
అనలేదు. పది రూపాయలు తీసుకున్నాను,
వద్దంటే మళ్లీ ఓసారి తిట్టినట్టవుతుందనిపించి.
సంచిలో మాత్రం పొడి వెయ్యలేదు,
పద్దెనిమిది గంటలూ నిండిన దిమ్మ కొట్టి వేశాను.
వాన పడ్డ దారిలా రోడ్డు మీద చుక్కలు
సైకిలు వెనకే వెళ్లాయి.

నిన్న ఏడోది. ఓడాం.
నాలుగు పాయింట్లే తేడా.
చివరి కూతకొచ్చిన వాడు ఏనుగులా ఉన్నాడు,
మూలనున్న మన ఇద్దరు పిల్లల మధ్యకి దూకాడు.
ఈడ్చుకుపోయాడు ఇద్దర్నీ, గీత దాకా, గీత అవతలికి.
మోచేతులు చెక్కుకుపోయాయి.
చెయ్యి మాత్రం వదల్లేదు
ఒకడిదొకడు.

నా పక్కనోడు తుపుక్కున ఉమ్మి గోడ దిగిపోయాడు.
ఖాళీ గూడ్సుబండి మొత్తం వెళ్లేదాకా
నేనక్కడే కూర్చున్నాను.
సంతకం కొట్టేశానని చెప్పను,
ఆ కాగితం ఇప్పుడెవడి జేబులో ఉందో తెలీదు.
మారిపోయాననీ చెప్పను, నా నోరు నాకు తెలుసు.
వచ్చే ఆదివారం ఫ్లాస్కులో కాసిని ఐసుముక్కలు పట్టుకెళ్తాను.
అరవాలనిపించినప్పుడల్లా
ఒకటి బుగ్గన పెట్టుకుంటాను.
కరిగేదాకా మాట రాదు.