తాపీ పని

తార్తూ ఆసుపత్రి కిటికీకి మంచు పట్టింది.
స్కాన్ తెర మీద
నీ వెన్నెముకలో నల్లని మచ్చలు, ఎండెల్.
"తినేస్తోందా?" అన్నావు.
తినడం కాదు. కట్టిస్తోంది.

మజ్జ ఎప్పుడూ ఒక వాసన వదులుతుంటుంది,
దారి తప్పిన కణాలు ఇల్లు చేరేందుకు.
ఆ వాసన పట్టుకునే వచ్చిందిదీ.
వచ్చి, నీ ఎముక మేస్త్రీల భాషలోనే
కట్టండి అంది.
కడుతున్నారు.
రసమట్టం లేదు, దారం లేదు, రాత్రి లేదు.

సారెమా దీవిలో నలభయ్యేళ్లు
రాతిగోడలు లేపినవాడివి,
తెర మీదికి వంగి, ఒక మచ్చని వేలితో తట్టి
"వంకర పని," అన్నావు.
"కూలి ఎవరిస్తున్నారు?"

పాత ఎముక రాలినప్పుడల్లా
ఆ పొడే దానికి బత్తెం.
కూలిందే కూలి.

అది చెప్పలేక
నీ కోటు పైగుండీ పెట్టాను.