పదిహేడో నంబరు బండ

వారానికి ఆరు రోజులు జనరల్ బజార్‌లో
జాకెట్టు ముక్కలకు మ్యాచింగ్ చూపిస్తాను.
చిలకపచ్చ, మెహందీ పచ్చ, రామా గ్రీన్,
నాచు రంగు, మామిడి పిందె రంగు,
ఆకుపచ్చలే నలభై ఒకటి నా అరల్లో.
ట్యూబులైటు కింద చూడొద్దమ్మా,
గడప దాకా రండి, ఎండలో పెట్టి చూడండి అంటాను.
ఎండ అబద్ధమాడదని నా నమ్మకం.

ఆదివారాలు ఖాజాగూడ గుట్టల్లో ఉంటాను,
కోఠీలో ముఖ్తార్ భాయ్ దగ్గర
మూడు వాయిదాల్లో కొన్న పాత కెమెరాతో.
లెన్సు మీద సన్నటి గీత.
"మనిషికి మాత్రం ఉండవా అక్కా గీతలు" అని
రెండొందలు తగ్గించాడు.

మొదట్లో బండను బండలాగే తీసేదాన్ని,
కింద బండ, దాని మీద బండ, వెనక ఆకాశం.
ఇంటికొచ్చి చూస్తే అన్నీ
పెళ్లి ఫొటోలో చుట్టాల్లా బిగుసుకుని ఉండేవి.
ఒక పొద్దున కాలు జారి మరీ దగ్గరికి పోయాను.
బండ లేదు.
ఒక నారింజ మరక, దాని అంచుకు బూడిదరంగు నురగ.
తోటికోడలు సులోచన చూసి
"మాడిన అట్టు ఎందుకు తీసినవ్" అంది.
రాతిపువ్వు అని చెబితే
"మసాలాలో ఏసేదా? కిలో ఎంతకు పోతది" అంది.
రెండుసార్లూ తను తప్పు చూడలేదు.

దుర్గం చెరువు దగ్గర తుంగను తీస్తూ
కావాలనే కెమెరాను కిందికి లాగాను.
గడ్డి కాదు, పోగులొచ్చాయి.
ఇంకా నేత మొదలుకాని పడుగు.

తర్వాత రంగు తీసేయడం నేర్చుకున్నాను.
మొదటిసారి గుండె జారింది,
షాపులో తానులన్నీ రాత్రికి రాత్రే దొంగలు మోసుకుపోయినట్టు.
నలభై ఒక్క పచ్చలూ కలిసి ఒకటే బూడిద.
కరెంటు పోయిన గదికి కళ్లు అలవాటు పడ్డట్టు
మెల్లగా
బూడిదలోంచి బూడిద విడిపోయింది.
తడి ఆరుతున్న పలక.
పాలగిన్నె అడుగు.
చలికాలం మోకాలి చర్మం.
వీటికి మా షాపులో పేర్లు లేవు,
ఏ చీరా వీటిని వెతుక్కుంటూ రాదు.
చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

మార్గశిరంలో ఒక బండ మీద
రాతిపువ్వు పక్కనే ఎర్ర పెయింటు,
పదిహేడు.
రంగులో తీస్తే చూపంతా దాని మీదికే పోతోంది.
నలుపు తెలుపులోకి మార్చాను.
ఎరుపు పోయి రాతిలో కూర్చుంది,
ఒకటి పగులైంది, ఏడు మడతైంది.
ఇన్నాళ్లలో నేను తీసిన మంచి ఫొటో అదే.
ముఖ్తార్ భాయ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చూసి
"ఫ్రేము కట్టించు" అన్నాడు.
కట్టించాను.
గల్లాపెట్టె వెనక గోడకు వేలాడుతోంది.
ఈ డిజైన్ గుడ్డ ఉందా అని అడుగుతారు.
స్టాకు లేదంటాను.

మూడో ఆదివారం పోతే రేకుల కంచె,
లోపల డ్రిల్లు మోత.
రేకు సందులోంచి చూశాను.
పదిహేడు ఉన్నచోట ఆకాశం ఉంది,
అక్కడ ఉండడం దానికీ కొత్తే.
దారిలో పడ్డ పెచ్చు ఒకటి తీసుకున్నాను.
పగిలిన వైపు గులాబీ, మేం ఉల్లిపొర అంటామే, అది.
ఇన్ని కోట్ల ఏళ్లుగా ఎండ తగలని ఉల్లిపొర.
కెమెరా మెడలోనే ఉంది. తీయలేదు.
ఎర్ర అంకె ఉన్న ఫొటో మాత్రం
కార్డులో ఇంకా చెరపలేదు.

నిన్న ఒకావిడ ఉల్లిపొర రంగు అడిగింది.
తాను దించి, గడప దాకా తీసుకెళ్లి,
ఆమె చీర అంచు పక్కన తాను,
తాను పక్కన నా సంచిలోని పెచ్చు పెట్టాను.
చీరకు తాను సరిగ్గా కలిసింది.
రాయికి కలవలేదు.
పిసరంత తేడా.
ఎండలో బాగా తెలుస్తోంది.