నాలుగు హద్దులు, ఒక వంక

ఆనేకల్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
జిరాక్సు షాపు వసారాలో నా బల్ల.
ఇరవై ఆరేళ్లుగా నేలను కాగితం మీదికి దించుతున్నాను.
రాగి చేలను సైట్లుగా,
చెరువు తూములను 'ఖాళీ జాగా'గా
ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.
బెంగళూరు నా కలం కిందుగానే
ఇంతదూరం నడిచొచ్చింది.

మొన్న మంగళవారం అక్కయ్యమ్మ వచ్చింది.
కుచ్చిళ్ల నిండా పల్లేరుకాయలు,
ప్లాస్టిక్ సంచిలో పహణీ, తండ్రి పేరున పాత పట్టా,
ఉడకబెట్టిన శనక్కాయలు గుప్పెడు నాకు.

"అమ్మకమా?" అన్నాను.
"కాదు."
"దానమా? భాగమా? తనఖానా?"
"కాదప్పా. నేల నాదే. నా తర్వాత ఎవరిదైతే వాళ్లది.
వంకను మాత్రం ఎవరూ ముట్టకూడదు. అట్ల రాయి."

బన్నేరుఘట్ట అడివి అంచున
మూడెకరాల ఎనిమిది గుంటలు. నడుమ వంక.
ఎండాకాలంలో అది ఒక తడి గీత;
మోకాలిలోతు తవ్వితే పలుకుతుంది.
ఒడ్డున మద్దులు, కానుగలు, ఒక ముసలి నేరేడు.
ఆ కొమ్మల్లో రాత్రిపూట దేవాంగపిల్లి.
దాన్ని చూసినవాళ్లు తక్కువ,
అది చూడనివాళ్లు ఊళ్లో లేరంటుంది అక్కయ్యమ్మ.

విల్లాల కంపెనీ మనిషి మూడుసార్లు వచ్చాడట.
వంకను పైపులో పెట్టి పైన నడకదారి వేస్తామన్నాడట,
ఆ దారికి వంక పేరే పెడతామన్నాడట.
"పైపులో ఎండ్రకాయ ఏ పక్కకు నడుస్తుందప్పా?"
అని అడిగితే టీ తాగకుండా పోయాడట.

లోపల ఆఫీసరు కళ్లద్దాలు తీశాడు.
"దీనికి కంప్యూటర్లో గడి లేదు.
హక్కు రాసిచ్చేది మీరు, సరే. పొందేదెవరు?"
"వంకే."
"దానికి ఆధార్ ఉందా?"
వెనక వరసలో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికొచ్చాక ఆ నవ్వు గొంతులో ముల్లయింది.

రాత్రి అటక మీది చట్టం పుస్తకం దించాను.
చెదలు వదిలేసిన పేజీల్లో ఒక సందు దొరికింది:
పై పొలం మీద కింది పొలానికి హక్కుండొచ్చు,
నీళ్లు తమ దారిన తాము రావడానికి.
రాసిస్తే అది మనిషిని కాదు, నేలను అంటుకుంటుంది;
ఎవరు కొన్నా దాన్నీ కలిపి కొనాల్సిందే.

కింది పొలం పిళ్ళప్పది.
హద్దురాయి జానెడు జరిగిందని
ఆ ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు.

చెబితే ఆమె చాలాసేపు కాలి బొటనవేలు చూసుకుంది.
"వాడికే రాయి.
నా మంచి కోరేవాళ్లు మొగమాటానికి ఊరుకుంటారు.
పగ ఉన్నవాడు, నా నేలలో తట్టెడు మట్టి పడినా
కోర్టుకు పోతాడు."

పిళ్ళప్ప శుక్రవారం వచ్చాడు,
ఉతికిన పంచెలో, ఉతకని అనుమానంతో.
రెండుసార్లు చదివించుకున్నాడు.
వంక పెట్టడానికి ఏ వంకా దొరకలేదు.
అందుకు కాస్త నిరాశపడ్డాడు కూడా.
"నేరేడు చెట్టునూ చేర్చు" అన్నాడు నాతో,
"చిన్నప్పుడు దాని మీదినుంచి పడి చెయ్యి విరిగింది."
ఆమె గోడతో అంది: "కుడి చెయ్యి."

షెడ్యూలు రాశాను.
తూర్పున పిళ్ళప్ప పొలం, పడమర అడివి,
ఉత్తరాన బండిదారి,
దక్షిణాన విల్లాల కంపెనీవారి ప్రహరీ.
నడుమ వంక; ఇరు ఒడ్లకూ యాభై అడుగుల మేర
కట్టరాదు, పూడ్చరాదు, నరకరాదు, మళ్లించరాదు.
ఇన్ని 'రాదు'లు ఒక్క పేజీలో
నా చెయ్యి ఎప్పుడూ రాయలేదు.

ఆమె బొటనవేలిని యంత్రం గుర్తుపట్టలేదు.
కలుపు తీసి తీసి గీతలు అరిగిపోయాయి.
మూడోసారి తడిగుడ్డతో తుడుచుకుని పెట్టింది.
తడి తగిలాక, సన్నగా,
ఒక్కొక్క గీతే తెర మీద తేలింది.

బయట ఇద్దరూ ఒకే బస్సెక్కారు,
ఆమె ముందు తలుపులో, ఆయన వెనక తలుపులో.