సున్నా పాయింట్ ఏడు

హోసూరు రోడ్డు ల్యాబ్ ముందు
పరగడుపున నేనూ, మా కుముదక్కా.
రాత్రి మాత్రకీ పొద్దుటి సూదికీ మధ్య
పన్నెండు గంటలు. అక్క వేళ్ల మీద లెక్కపెడుతోంది.

మార్చిలో నిద్ర మానేసి
చిక్‌పేటలో పద్నాలుగు పట్టుచీరలు కొన్నాను.
ఆటో అతనికి ఉంగరం ఇచ్చేశాను.
బెంగళూరంతా నాకోసమే వెలిగింది.
జూన్‌కి ఆ దీపం కొండెక్కింది.
పళ్లు తోముకోవడానికి మూడు రోజులు పట్టింది.

ఇప్పుడు చెయ్యి కాస్త వణుకుతుంది,
కాఫీ సాసర్‌లోకి తొణుకుతుంది.
నిన్న గట్టిగా నవ్వితే
అక్క క్యాలెండర్ వైపు చూసింది.
"ఉత్త నవ్వేనే" అన్నాను.

సాయంత్రం ఫోన్‌లో అంకె వచ్చింది,
లిథియం ఉండాల్సిన చోటే ఉంది.
ఆ మార్చి వెలుగు ఒక్కోసారి కావాలనిపిస్తుందని
ఇవాళే అక్కకి చెప్పాను.

మిగిలిన చీర మడతపెడుతూ
"ఏ రంగులో ఉండేదే?" అంది.