తొంభై ఆరో అట్ట

మా నాయన కుళ్ళాయప్ప ఎర్రకోటుకు
ఏడు ఇత్తడి గుండీలు,
ఎనిమిదోది అమ్మ వెతికి కుట్టిన చొక్కా గుండీ.
ఉరవకొండ బ్యాండులో అందరికన్నా ముందు నడిచే క్లారినెట్ ఆయనది.
పెట్రోమాక్స్ లైట్లు మోసేవాళ్ళ చివరన
పన్నెండేళ్ళ పొట్టివాణ్ణి,
పెళ్ళికొడుకు గుర్రం లద్దె దాటుకుంటూ
రెండో క్లారినెట్ నాది.

నాకు పాట కన్నా ముందు దమ్ము నేర్పినాడు.
ఎండకు కాలే గుండు మీద కూర్చోబెట్టి
"బువ్వకు ముందొక సా, బువ్వ తిన్నంక ఒక సా."
ఎంత పొడుగు నాయనా?
"బస్సు బూదగవి మలుపు తిరిగేదాకా."
ఆ బస్సు ఎప్పుడూ లేటే.

ఇరవై మూడో ఏట
విడపనకల్లు పెళ్ళి నుంచి వస్తా ఉంటే
లారీ కమ్మీ తగిలి ముందరి పళ్ళు రెండు పోయినాయి.
పళ్ళు లేని నోట్లో రీడు నిలవదు.
గాలి పక్కలకు కారిపోతుంది.
మేస్త్రీ నా చేతికి తాళాలిచ్చినాడు.
మూడు పెళ్ళిళ్ళు కొట్టినా.
నాలుగో పెళ్ళికి పోలేదు.

తిప్పేస్వామి మగ్గాలకు గ్రాఫులు గీసేవాడు.
రేకు టేబులు, గళ్ళ కాగితం,
నాలుగు వెంట్రుకల కుంచె, ఎర్రసిరా.
"గడి నిండితే పోగు లేస్తాది.
వదిలితే పండుకుంటాది.
అంతే అబ్బీ, ఇంకేం లేదు."
ఆ ఇంకేం లేనిది నేర్చుకోడానికి
నాకు ఆరేండ్లు పట్టింది.

తీగ ఒంపు గడుల్లోకి వస్తే మెట్లవుతుంది,
దూరం నుంచి చూస్తేనే మళ్ళా ఒంపు.
ఎంత దూరమో చెప్పడానికి
గ్రాఫును గోడకు కొట్టి
వీధి అవతలి టీ బంకు దాకా నడిపించేవాడు.
టీ మాత్రం ఆయనొక్కడే తాగేవాడు.

అట్టలు గుద్దేటప్పుడు
సుత్తి కింద నా కాలు దానంతటదే ఆడేది.
నాలుగు గుద్ది ఒకటి వదిలి
రెండు గుద్ది ఒకటి వదిలి.
వదిలిన చోటల్లా
నాయన దమ్ము తీసుకునే చోటే.

చిలకంచు, నేను సొంతంగా గీసిన మొదటిది.
తొంభై ఆరో అట్టలో ఒక చిల్లు ఎక్కువ పడింది.
ఆరు మూరలు నేసినాక చౌడమ్మ పిలిచింది:
"యాలప్పా, నీ చిలక నోట్లోంచి జొన్నగింజ పడిపోతాంది?"
తెరుచుకున్న ముక్కు ముందర
గాల్లో ఒక జరీ చుక్క,
ప్రతి చిలకకూ.
ఆమె మొగుడు కత్తెర తెచ్చినాడు.
నేను గుంత అంచున తల పట్టుకుని కూర్చున్నా.
అప్పుడే వచ్చిన షావుకారు
చీర కొస పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.
"ఈ గింజ చిలకవి ఇంకో ఇరవై" అన్నాడు.

రాత్రి నాయన చుక్క మీద వేలుపెట్టి
దీపం దగ్గరికి లాక్కున్నాడు.
"గింజేందిరా, ఎంగిలి.
ఊదేటోని నోట్లోంచి పడే తుంపర.
నీదే."

తరవాత ధర్మవరంలో కంప్యూటర్లొచ్చినాయి.
నా నలభై రోజుల గీత
ఒక పిల్లోడు టిఫిన్ లోపల గీసినాడు.
తిప్పేస్వామి గ్రాఫులన్నీ ఆయన కొడుకులు తూకానికేసినారు,
పదకొండు కిలోలు.
నలభై ఆరేళ్ళ వయసులో
మెహరున్ పక్కన స్టూలు మీద కూర్చుని
మౌసు పట్టుకోవడం నేర్చుకున్నా.
"తప్పు పడితే ఈ మీట నొక్కు మామా,
ఏమీ జరగనట్టు వెనక్కి పోతాది" అనింది ఆ పిల్ల.
నొక్కి చూసినా. పోయింది.
చేతులు చల్లబడినాయి.
ఆ పొద్దు ఈ మీట ఉండుంటే
ఈ ఇంటికి ఈ స్లాబు పడేది కాదు.

పోయిన ఏడు అనంతపురం పోయి
పళ్ళు కట్టించుకున్నా.
బువ్వకు బాగున్నాయి. ఊదితే టకటకమంటాయి.
అయినా పొద్దుగూకేటప్పుడు
నాయన క్లారినెట్ తీసి, రీడు నాలుకతో తడిపి
మిద్దె మీదికి ఎక్కుతా.
ఇప్పుడు బస్సు వేళకే వస్తాంది.
దుమ్ము కనపడుతుంది, హారన్ వినపడుతుంది,
మలుపు ఇంకా ఇంత దూరముండగానే
నా సా అయిపోతుంది.