ఎర్ర చుక్క

సిరిపురం ఏసీ గదిలో గీసుకెళ్లిన బొమ్మని
ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో బల్ల మీద పరిచాను.
ఆర్డరు ఒక డబ్బా, తూకం ఒక డబ్బా,
బిల్లు, మెసేజి, ఏడో రోజు గుర్తుచేయడం, పదో రోజు హెచ్చరిక,
నడుమ నడుమ అవునా కాదా అని అడిగే వజ్రాలు.
పైకప్పు నుంచి నీళ్లు రాలి
ఓ బాణం అప్పుడే ఊదారంగుగా పాకింది.

గరికిన నూకరత్నం గారు కళ్లజోడు నుదుటికెత్తి చూశారు.
ఇరవై రెండేళ్లుగా ఆ ఖాతాలు ఆవిడవే.
"బాగుంది బాబూ. మరి సుక్కలేవి?"

రిజిస్టరు తిప్పారు.
బోటు నంబర్ల పక్కన అక్కడక్కడా ఎర్రసిరా.
"ఆ ఇంట్లో సావు. పెద్దకర్మ అయ్యేదాకా
బాకీ అడగం. ఎవులూ సెప్పలేదు,
అలాగే జరిగిపోతంది."

ల్యాప్‌టాప్ తెరిచి కొత్త గడి చేర్చాను.
మినహాయింపు: పన్నెండు రోజులు.
రంగు కూడా ఇచ్చాను, ఎరుపే.
తర్వాత, అలవాటు కొద్దీ,
"ఇది దేంతో మొదలవ్వాలండీ?
ఫోనొస్తుందా, ఎవరైనా రాసిస్తారా?"

నన్ను చూసి జాలిపడ్డారనుకుంటాను.
"ఏటొస్తాది బాబూ.
తెల్లారి మూడింటికి ఐసుకి రావాల్సినోడు
రాడు. అదే."

బయట క్రషరు దిమ్మలు నములుతోంది.
వచ్చినదాన్నే గుర్తుపట్టే యంత్రం నాది.
రానివాడు ఇంజను చెడి రాకపోవచ్చు,
తాగి పడుకోవచ్చు,
పక్క ఫ్యాక్టరీలో దిమ్మకి ఐదు రూపాయలు తగ్గి ఉండొచ్చు.
"అయ్యీ తెలుస్తాయి.
పక్క బోటోడి మొకం సూస్తే."

మొకం సూస్తే.
దానికి ఏ ఆకారం గీయాలో
ఇన్నేళ్ల పనిలో నాకెవరూ చెప్పలేదు.

ఓనరుకి వెళ్లాల్సిన పత్రంలో పద్నాలుగో పేజీ:
ఈ అడుగు యంత్రం వెయ్యదు.
చేసేవారు: గరికిన నూకరత్నం.
వేళ: తెల్లవారుజాము మూడు.
ఎలా: చూసి.
వారు రాని రోజు ఎవరు:

ఏం రాయమంటారని అడిగాను.
ఎర్రపెన్ను కొంగుకి తుడిచి మూత పెట్టి
డాల్ఫిన్స్ నోస్ మీద లైటు వైపు చూస్తూ
"మా పిల్లకీ మూడింటికి మెలకువే బాబూ," అన్నారు.
"రుషికొండలో నైట్ షిఫ్టు.
ఏ దేశపోల్ల బిల్లులో సూసుకుంటాది."

రాత్రి ఇంటికొచ్చి పత్రం ముగించబోయాను.
ఖాళీ ఒప్పుకోని గడి అది, నేను పెట్టిన నియమమే.
ఓ చుక్క కొట్టి
సేవ్ చేశాను.